పావురాలకు గింజలు చల్లే అలవాటు గారికి

అయ్యా,

మా పై ఫ్లోరు బాల్కనీలో మీరు తెల్లారకముందే డ్యూటీ ఎక్కుతారు. పిడికెడు జొన్నలు, గిన్నెడు నీళ్లు, ఆపైన రెక్కల టపటప. పుణ్యం పైవాళ్లకి, రెట్ట కిందివాళ్లకి. మా రెయిలింగు మీదా, ఏసీ డబ్బా మీదా, ఆరేసిన తువ్వాలు మీదా మీ దయ తెల్లగా పేరుకుపోయింది. మక్కా మసీదు ముందు మీ పలుకుబడి ఎంతో ఎరుగుదును కాబట్టి మర్యాదగానే రాస్తున్నాను.

నాకు కిడ్నీ మార్చారు. రోజూ పొద్దునా రాత్రీ టైము తప్పకుండా టాక్రోలిమస్ వేసుకోవాలి. కొత్త కిడ్నీని పరాయిదనుకొని తరిమేయకుండా ఒంట్లోని కాపలావాళ్లని జోకొట్టే మందు అది. కాపలా కునుకు తీస్తే దొంగలకీ సందే కదా! ఈ సంగతి తెలియగానే చుట్టాలంతా ఒక్కమాట మీదికొచ్చారు: "ముందు ఆ కుక్కని ఎవరికైనా ఇచ్చెయ్‌రా."

పాపం మా చింటూ. ఏటా రేబిస్ టీకా, టైముకి నులిపురుగుల మందు. పచ్చిమాంసం బంద్. నా మొహం నాకడం బంద్. వాడి మలం ఎత్తే పని మా తమ్ముడిది, వాణ్ణి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కునే పని నాది. డాక్టరు గారు చెప్పింది ఇంతే, పంపించెయ్యమనలేదు. ఆపరేషనయిన మొదటి ఏడాది కొత్త జంతువుని మాత్రం తెచ్చుకోవద్దన్నారు. పిల్లి ఉన్నవాళ్లయితే దాని మట్టి ట్రేని రోజూ ఇంకొకరి చేత శుభ్రం చేయించాలట. పిల్లి మలంతో బయటపడ్డ టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి అంటుకునే దశకి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, ఈలోపు ఎత్తేస్తే సరి.

మరి మీ పావురాలకో? టీకా లేదు, కార్డు లేదు, లోపలికి రావచ్చా అని అడిగింది లేదు. ఎండిన రెట్ట దుమ్ములో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఉండొచ్చు. ఊపిరితో లోపలికెళ్లి, నాలాంటివాళ్లలో మెదడు పొరల దాకా పాకగలదు. మా వాచ్‌మన్ దాన్ని పొడి చీపురుతో బరబరా ఊడ్చేస్తుంటే నేను అద్దం తలుపు వెనకనుంచి అరుస్తుంటాను, నీళ్లు చల్లు, మాస్కు పెట్టుకో అని. అతను నవ్వి, ఇంకాస్త గట్టిగా ఊడుస్తాడు.

చింటూని పంపించెయ్యమన్న మేనత్తే మొన్న మా బాల్కనీలో నిలబడి కొంగులోంచి జొన్నలు చల్లింది. ఏంటత్తా అంటే, "మూగజీవాలురా, గ్రహదోషం పోతుంది." చింటూ మొరుగుతాడు కాబట్టి ఆ లెక్కలోకి రాడు కాబోలు.

మిమ్మల్ని మానిపించడం నావల్ల కాదని తెలిసి బాల్కనీకి నెట్టు వేయించాను. సగం ఖర్చు పైవాళ్లని అడిగితే, అందులో పావురం చిక్కుకుంటే పాపం నాదేనన్నారు. ఆ పాపం ఎంతో చెబితే మెయింటెనెన్సులో కలిపి కట్టేస్తాను.

ఇట్లు,
మీ కింది ఫ్లోరు