నీరు పల్లమెరుగు, తీర్మానం ఫైలెరుగు

వాతావరణ మార్పును ఎదుర్కోవాలంటే ఇరుగుపొరుగు సమాజాలు చేయీ చేయీ కలపాలని పెద్దలందరూ ఉపన్యసిస్తున్న ఈ కాలంలో, బెంగళూరు సర్జాపూర్ రోడ్డు పక్కనున్న మా అపార్ట్‌మెంటు ఆ పనిని ఏనాడో సాధించిందన్న సంగతి లోకానికి తెలియకపోవడం విచారకరం. మావి 140 ఫ్లాట్లు. సగానికి పైగా కడప, నెల్లూరు, కరీంనగర్ల నుంచి వచ్చిన మనవాళ్లవే. కరువు చూసిన జిల్లాల వాళ్లం గనుక నీటి విలువ మాకొకరు చెప్పనక్కరలేదు. అందుకే మా మేడ మీద పడిన వాన నీటిని బొట్టు కూడా మిగుల్చుకోకుండా, ప్రహరీ గోడకు కన్నం పెట్టి అమర్చిన ఎనిమిది అంగుళాల పైపు ద్వారా, పల్లంలో ఉన్న పక్క లేఔటు వారికి ధారపోస్తున్నాం.

వారు కూడా స్వార్థపరులు కారు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు వైపు విల్లాలు మునిగి, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లిన ఆ వారంలో, మేము పంపిన నీటిని వారు తమ సెల్లార్లో దాచుకోక, డీజిల్ పంపు అద్దెకు తెచ్చి మరీ తమకన్నా పల్లంలో ఉన్నవారికి తోడిపోశారు. ఇంతకు మించిన సహకారం ఏ దేశపు సదస్సులోనైనా కుదిరిందా?

గిట్టనివాళ్లు పాత రోజులను తవ్వుతారు. ఈ ఊళ్లోనూ మన కాకతీయుల నాటి పద్ధతిలో గొలుసుకట్టు చెరువులుండేవని, పైచెరువు అలుగు పారితే కిందిచెరువు నిండేదని, తూము ఎత్తడానికీ దించడానికీ తెలంగాణలో నీరటి ఉన్నట్టే ఇక్కడ నీరుగంటి ఉండేవాడని గుర్తుచేస్తారు. కోరం లేకుండా, మినిట్స్ రాయకుండా ఒక్క మనిషి ఊరందరి నీటినీ పంచడం ఎంత అప్రజాస్వామికమో ఆలోచించాలి. అయినా గొలుసును మేము తెంచలేదు. చెరువులను మాత్రమే తీసేశాం. మిగిలిన వాటిలో అగర నుంచి బెళ్లందూరుకు, అక్కడి నుంచి వర్తూరుకు, ఆపైన దక్షిణ పినాకినికి నీరు ఇప్పటికీ పోతూనే ఉంది. ఆ నది నందికొండల దగ్గర మన పెన్నతో పాటు పుట్టిన తోబుట్టువు కాబట్టి, మా డ్రైనేజీ నీటితో పుట్టింటి బంధుత్వం కూడా నిలబెడుతున్నామన్నమాట. ఇక బెళ్లందూరు చెరువు నురగ కక్కి, 2015 మొదలుకొని పలుమార్లు అంటుకుని కూడా చూపించింది. నీటికి నిప్పు పెట్టడం ఒంటరి మనిషి వల్ల అయ్యే పని కాదు, దానికి సమష్టి కృషి కావాలి.

చట్టాన్ని మేము అతిక్రమించామని కూడా ఎవరూ అనలేరు. ఈ నగరంలో వాన నీటి సంరక్షణ 2009 నుంచి తప్పనిసరి. మా ప్లానులో ఇంకుడు గుంత స్పష్టంగా ఉంది, నీలం రంగులో. నేల మీద ఆ చోట విజిటర్స్ పార్కింగ్ ఉండటం వేరే విషయం.

2024 వేసవిలో బోర్లు ఎండి, తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించినప్పుడు, భయపడిన కమిటీ ఒక బావి మేస్త్రీని పిలిపించింది. బెంగళూరులో తరతరాలుగా బావులు తవ్వే మన్ను వడ్డర్లలో ఒకాయన. ఇంట్లో మాట్లాడేది తెలుగే కావడంతో మా అధ్యక్షులవారు పొంగిపోయారు. ఆయన మాత్రం మా తెలుగు కన్నా నేలనే ఎక్కువ పట్టించుకుని, పార్కింగ్ టైలు మీద మడమతో రెండుసార్లు తట్టి, "మూడడుగుల ఒరలు దింపుతా సామీ, ఇరవై అడుగులు. మేడ మీది పైపు ఇటు తిప్పితే చాలు, నీళ్లకు దోవ మీరు చెప్పాల్సిన పని లేదు" అన్నారు. ఖర్చు విని ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒక కారు చోటు పోతుందని విన్నాకే సభ స్తంభించిపోయింది. చర్చ మూడు ఆదివారాలు సాగింది. దేశమే 2070 నాటికి నెట్ జీరో, అంటే నికర కర్బన ఉద్గారాలు సున్నా, అని గ్లాస్గో వాతావరణ సదస్సులో చెప్పి ఉండగా, మేము ముందే తొందరపడటం పెద్దల ముందు కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుందన్న కోశాధికారి వాదన చివరికి నెగ్గింది.

నిజానికి మాకు తలనొప్పి తెచ్చింది కైకొండ్రహళ్లి. అక్కడి చుట్టుపక్కల జనం నగరపాలక సంస్థతో కలిసి చెరువును బాగుచేసుకుని కూర్చున్నారు. ఇప్పుడు దాంట్లో నీళ్లున్నాయి, కొంగలున్నాయి. మేము రోజూ ఉదయం అక్కడికి కార్లలో వెళ్లి, గట్టు మీద నడుస్తూ కర్బన ఉద్గారాల గురించి ఆందోళన చెందుతుంటాం; పార్కింగ్ దొరకడమే కష్టంగా ఉంది.

మొన్న పక్క లేఔటు వారు, ప్రహరీ దగ్గర ఉమ్మడిగా ఒక బావి తవ్వించుకుందాం, ఖర్చు చెరిసగం పెట్టుకుందాం అని ఉత్తరం రాశారు. ఉగాది భోజనాల అంశం తరువాత దాన్ని చర్చకు చేర్చారు. పులిహోరా, చిత్రాన్నమా అన్నది తేలేలోపు గేటు దగ్గర ట్యాంకరు హారన్ కొట్టడంతో సభ వాయిదా పడింది. సగం నీళ్లు మా సంపులో వదిలి, మిగతా సగం పక్క లేఔటుకు పోయడానికి పైపు చుట్టుకుంటూ డ్రైవరు అడిగాడు: "సార్, మీకూ వాళ్లకూ కలిపి ఒకే బిల్లు రాసేదా?"