ఉగాదికి సెలవిచ్చే దేశం గురించి, కాస్త కోపంగా

ప్రతి ఉగాదికీ మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో తిరుగుతుంది. నీలం సముద్రం, కొబ్బరి చెట్లు, కింద పెద్దక్షరాలతో "మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు! తెలుగువాడిగా గర్వించు!" సెలవు మాట నిజమే. గర్వపడితే నాకేం అభ్యంతరం లేదు. కానీ మనవాళ్ళు అక్కడికి పెళ్ళి పిలుపు అందుకుని వెళ్ళినట్టు మాట్లాడితేనే ఒళ్ళు మండుతుంది.

పోయినేడాది మేమూ ప్యాకేజీ టూర్‌లో వెళ్ళాం. రాజధాని పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ ఉంది. ఇండియా నుంచి ఓడల్లో తెచ్చిన కూలీలను దింపిన చోటు. 2006 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. మా ప్యాకేజీలో మాత్రం లేదు. షాపింగ్‌కి మూడు గంటలిచ్చిన డ్రైవర్‌ని బతిమాలి అరగంట సంపాదించా. మా బావ కారు దిగలేదు. "రాళ్ళు చూడ్డానికి ఇంత దూరం రావాలా? హంపీలో లేవా?" అన్నాడు. నిజమే, రాళ్ళే. పాత గోడలు, 16 మెట్లు. ఆ మెట్లెక్కినవాళ్ళలో కోరంగి రేవు నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అక్కడ తెలుగువాళ్ళని పిలిచిన పేరే "కోరంగీలు". కాకినాడ పక్కన ఇప్పుడు మనం మడ అడవులు చూడ్డానికి బోటెక్కుతామే, ఆ కోరంగే.

అసలా దీవికి "స్థానికులు" అంటూ లేరు. అరబ్బు నావికులకు తెలుసు, పోర్చుగీసువాళ్ళు ఆగి నీళ్ళు పట్టుకుపోయారు, కాపురం మాత్రం ఎవరూ పెట్టలేదు. 1598లో డచ్చివాళ్ళు దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు తగిలించారు. 1638లో స్థిరపడి, నల్లచేవ మాను నరికి ఎగుమతి చేశారు, జావా నుంచి చెరకు తెచ్చారు. వాళ్ళూ, వాళ్ళతో వచ్చిన పందులూ ఎలుకలూ కలిసి డోడో పక్షిని లేకుండా చేశాయి. 1710లో వదిలేసి పోయారు. (ఆ దేశం గురించి మనలో చాలామందికి తెలిసింది ఆ పక్షి ఒక్కటే, అదీ బొమ్మల పుస్తకంలో.)

1715లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు. 1735లో వచ్చిన గవర్నర్ లా బూర్దొనే రేవు కట్టించాడు, రోడ్లు వేయించాడు అని చదువుతాం. ఈ "ఇంచు" ప్రత్యయం ఉందే, చరిత్ర మొత్తాన్ని మింగేస్తుంది. కట్టించినవాడి పేరు ఉంటుంది, కట్టినవాళ్ళ పేరు ఉండదు. కట్టింది మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ వైపు నుంచి పట్టుకొచ్చిన బానిసలు. పుదుచ్చేరి నుంచి తీసుకెళ్ళిన పనివాళ్ళూ ఉన్నారు. అంటే మన దేశపు మనుషులు కూలీ ఓడలకు వందేళ్ళ ముందే అక్కడ అడుగుపెట్టారు. మన వాట్సాప్ చరిత్రలో ఈ ముక్క ఎక్కడా కనిపించదు.

1810లో బ్రిటిష్‌వాళ్ళు దీవిని గెలిచినా ఫ్రెంచి భూస్వాముల ఆస్తులు, భాష, చట్టాలు అలాగే ఉంచారు. 1825లో అక్కడి చక్కెర మీద బ్రిటన్ సుంకం తగ్గించింది. ఇక దీవంతా చెరకే. 1835లో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం సుమారు 20 లక్షల పౌండ్లు. ఎవరికి? యజమానులకి! 60 వేలకు పైగా బానిసలకు దక్కింది "అప్రెంటిస్" అనే పేరు. 1839 దాకా పాత యజమానుల దగ్గరే పని చేయాలి.

విడుదలైనవాళ్ళు ఆ తోటల్లో ఇక ఉండం అన్నారు. ఉంటారా మరి? ఆ ఖాళీ వస్తుందని ముందే లెక్కేసుకుని మనల్ని తెచ్చారు. 1834 నవంబర్ 2న అట్లాస్ ఓడలో మొదట 36 మంది దిగారు. 1920 వరకు దాదాపు నాలుగున్నర లక్షల మంది. అయిదేళ్ళ ఒప్పందం, మగవాడికి నెలకు అయిదు రూపాయలు. ఒకరోజు రాకపోతే రెండు రోజుల జీతం కోత. బానిసలు ఖాళీ చేసిన పాకల్లోనే మనవాళ్ళని పెట్టారు. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు వైపు జనం పిట్టల్లా రాలిపోయి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. అలాంటి కాలంలో మేస్త్రీ వచ్చి అన్నం పెడతానంటే ఓడెక్కడం సాహసం కాదు, ఆకలి. 1867 నుంచి ఫొటో అంటించిన పాస్ లేకుండా రోడ్డు మీద దొరికితే జైలే. 1871లో 9,401 మంది పాత కూలీలు పెట్టుకున్న అర్జీని ద ప్లెవిట్జ్ అనే తెల్లాయన రాసిచ్చాడు. దాంతో లండన్ విచారణ కమిషన్ వేసింది.

నన్ను పీకే విషయం వేరే. చౌకగా మనవాళ్ళు వచ్చిపడటంతో, స్వేచ్ఛ దొరికిన ఆఫ్రికన్ల కూలి పడిపోయింది. తప్పు మనవాళ్ళది కాదు, తెచ్చినవాడిది. కానీ దెబ్బ వాళ్ళకు తగిలింది. "మన చెమటతో కట్టిన దేశం" అని రీల్ చేసేటప్పుడు వాళ్ళ మాట ఒక్కటీ రాదేం?

ఈ పుండు స్వాతంత్ర్యం నాటికీ మానలేదు. 1943లో బెల్ వ్యూ హారెల్ తోటలో కూలి పెంచమన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే, చనిపోయినవాళ్ళలో అంజలై కూపెన్ అనే గర్భిణి ఉంది. తర్వాత కొత్త రాజ్యాంగం వచ్చి, చదవడం రాయడం వస్తే చాలు, ఓటు అన్నారు. 1948 ఎన్నికల కోసం ఊరూరా రాత్రి బడుల్లో పెద్దవాళ్ళు సంతకం పెట్టడం నేర్చుకున్నారు. 1959కి అందరికీ ఓటొచ్చింది. 1967లో స్వాతంత్ర్యమే ఎజెండాగా ఎన్నిక జరిగితే, సుమారు 44 శాతం ఓట్లు వద్దన్న పక్షానికి పడ్డాయి. ద్రోహులు కాదండీ వాళ్ళు. ఎక్కువమంది క్రియోల్ జనం, అంటే ఆ ఆఫ్రికన్ బానిసల వారసులు, ఇంకా మైనారిటీలు. తెల్లదొర పోతే హిందువుల పెత్తనం వస్తుందని భయపడ్డారు. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో అల్లర్లు జరిగితే బ్రిటిష్ సైన్యాన్ని దించాల్సొచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 12న, రామ్‌గులామ్ ప్రధానిగా జెండా ఎగిరింది. గాంధీగారి దండి యాత్ర మొదలైన తేదీ అది. ఆ సంగతి మా గ్రూపులో వస్తుంది, 44 శాతం సంగతి రాదు.

ఇంకొకటీ రాదు. స్వాతంత్ర్యానికి ముందే, 1965లో, చాగోస్ దీవుల్ని మారిషస్ నుంచి కోసేసి బ్రిటన్ తన దగ్గర పెట్టుకుంది. ఇచ్చింది 30 లక్షల పౌండ్లు. ఆ దీవుల్లో ఒకటైన డియెగో గార్సియాలో అమెరికాకు సైనిక స్థావరం కావాలి మరి. ఆ విడదీత చట్టబద్ధం కాదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. కానీ అక్కడి జనాన్ని, ఎక్కువగా బానిసల వారసుల్ని, సుమారు 1,500 నుంచి 2,000 మందిని, 1973 నాటికే ఖాళీ చేయించేశారు. పెంపుడు కుక్కల్ని చంపేశారు. చివరి ఓడ వాళ్ళని ఎక్కడికి తెచ్చిందో తెలుసా? పోర్ట్ లూయీకే. అదే రేవు. దిగమంటే దిగలేదు. ఇది మా ఊరు కాదన్నారు.

మా బావకి ఇదంతా ఎయిర్‌పోర్ట్‌లో చెప్పా. "ఇంత తెలిసినవాడివి, ఆ మెట్ల మీద ఒక సెల్ఫీ అయినా తీసుకోలేదేంరా" అన్నాడు.