సాంబ మసూరిలో "ల్యాబ్ జన్యువు" ఎక్కించారా? పెదనాన్న పంపిన ఫార్వర్డ్‌కి నా జవాబు

ఒకే మెసేజ్ ఈ పది రోజుల్లో నాకు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. చివరిసారి పంపింది మా పెదనాన్న. "చూడరా అబ్బాయ్, మనం ఏం తింటున్నామో" అని కింద రాశారు. పూర్వం మన వరికి తెగుళ్లే ఉండేవి కావట. సైంటిస్టులు కొత్త విత్తనాలు తెచ్చాకే అవి పుట్టాయట. ఇప్పుడు తెగులు తట్టుకోవడానికి సాంబ మసూరిలో ల్యాబ్‌లో వేరే జీవి జన్యువు ఎక్కించారట. ఆ విత్తనం దాచుకుని వేస్తే మొలవదట, ఏటా కంపెనీ దగ్గర కొనాల్సిందేనట. దేశవాళీ విత్తనం వేస్తే ఏ మందూ కొట్టక్కర్లేదట.

ఇది చదివి పెదనాన్న వచ్చే ఖరీఫ్‌కి తెగులు తట్టుకునే రకం వద్దనుకున్నారు. ఆయనది పల్లపు చేను. బాక్టీరియా వల్ల ఆకులు ఎండిపోయే ఎండాకు తెగులు దాదాపు ఏటా తగిలే చేను. అందుకే ఇది ఊరికే వదిలేసే మెసేజ్ కాదనిపించింది. ఒక్కో మాటా తీసుకుని నాకు తెలిసింది రాస్తున్నాను.

"పూర్వం వరికి తెగుళ్లే లేవు"

1919లో తంజావూరు డెల్టాలో అగ్గి తెగులు విరుచుకుపడింది. అప్పటికి యూరియా బస్తా లేదు, పొట్టి వంగడం లేదు, హైబ్రిడ్ అన్న మాటే లేదు. పొలాల్లో ఉన్నవి పాత పొడుగు రకాలే. 1942లో బెంగాల్‌లో గోధుమరంగు మచ్చ తెగులు వచ్చి, కొన్ని రకాల్లో పంటను చాలావరకు తుడిచిపెట్టింది. మరుసటి ఏడాది వచ్చిన మహాకరువుకి అదొక్కటే కారణమని నేను అనను. యుద్ధం, ధరలు, అప్పటి ప్రభుత్వం చేసినవి, చేయనివి అన్నీ ఉన్నాయి. కానీ తెగులు మాత్రం వచ్చింది. వచ్చింది దేశవాళీ వరి మీదే.

ఆ మచ్చ తెగులు ఎక్కువగా సారం లేని నేలల్లో, పొటాష్ లాంటి పోషకాలు తక్కువైన చేలల్లో ముదురుతుంది. ఎండాకు తెగులు దీనికి తలకిందులు, నత్రజని ఎక్కువైన చేలో చెలరేగుతుంది. విత్తనం ఒక్కటే చూసి నేలని వదిలేస్తే సగం కథే తెలుస్తుంది.

కొత్త రకాలు వచ్చాక తెగుళ్లు పెరిగాయన్న మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచను. 1960ల్లో తైచుంగ్ నేటివ్ 1 అనే పొట్టి రకం మన దేశానికి వచ్చింది. దానికి ఎండాకు తెగులంటే అసలు ఓర్పు లేదు.  ఒకే రకం వేల ఎకరాల్లో వేసి, యూరియా చేతికొచ్చినంత చల్లితే బాక్టీరియాకి పండగే. మన డెల్టాలో, సాగర్ ఆయకట్టులో ఏళ్ల తరబడి అందరూ బీపీటీ (సాంబ మసూరికి ఇంకో పేరు) ఒక్కటే వేస్తే జరిగిందీ ఇదే. "కొత్త విత్తనాన్ని అలా వాడటం తప్పు" అని ఆ మెసేజ్ రాసి ఉంటే నేనే నాలుగు గ్రూపులకి పంపేవాణ్ణి.

"సాంబ మసూరిలో వేరే జీవి జన్యువు ఎక్కించారు"

అసలు గొడవంతా ఈ మాట దగ్గరే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

ముందు తెగులు సంగతి. వాన, గాలి కలిపి కొట్టిన వారం పది రోజులకి ఆకు కొస నుంచి రెండు అంచుల వెంటా అలలు అలలుగా పసుపు దిగుతుంది. తర్వాత ఆకు గడ్డిలా తెల్లబడి ఎండిపోతుంది. తెల్లవారుజామున చేలోకి వెళ్తే ఆ ఆకుల మీద తేనె రంగు చుక్కలు కనిపిస్తాయి. ఎండెక్కాక అవి గట్టిపడి చిన్న పూసల్లా అవుతాయి. ఆ చుక్క నిండా బాక్టీరియానే. అనుమానం ఉంటే తెగులు సోకిన ఆకుని, పచ్చదనం ఇంకా మిగిలున్న చోట అడ్డంగా కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి అందులో నిలబెట్టండి. కొన్ని నిమిషాలకి కోసిన చోటు నుంచి పాల దారం లాంటిది నీళ్లలోకి దిగుతుంది. కిందటేడు పెదనాన్న ఇంటి అరుగు మీదే ఈ పని చేసి చూపించాను. ఆయన చాలాసేపు ఆ గ్లాసునే చూస్తూ ఉండిపోయారు.

ఈ తెగులు ముదిరాక దాన్ని నమ్మకంగా ఆపే మందు లేదు. దుకాణంలో యాంటీబయాటిక్ పొట్లం, కాపర్ మందు కలిపి చేతిలో పెడతారు. మా నాన్న ఒక ఏడాది మూడుసార్లు కొట్టించారు. డబ్బూ పోయింది, ఆకూ ఎండింది. మందు పని చేయని చోట రైతుకి మిగిలే పెద్ద ఆధారం విత్తనంలోనే ఉన్న ఓర్పు.

బీపీటీ 5204కి ఆ ఓర్పు లేదు. 1986లో బాపట్ల నుంచి విడుదలైన ఆ సన్నబియ్యానికి అన్నం రుచిలో సాటి లేకపోయినా, ఎండాకు తెగులుకి ఇట్టే లొంగిపోతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ (ఇప్పుడు రాజేంద్రనగర్‌లోని ఐఐఆర్‌ఆర్) కలిసి ఆ లోటు తీర్చడానికి పూనుకున్నాయి. రమేష్ సొంటి, ఆర్.ఎం. సుందరం లాంటివాళ్లు ఆ పనిలో ఉన్నారు. 2008లో "మెరుగైన సాంబ మసూరి" విడుదలైంది. దాని ఇంకో పేరు ఆర్‌పీ బయో 226. ఆ "బయో" అన్న ముక్క చూసే చాలామంది కంగారుపడుతున్నారని నా అనుమానం.

ఇందులో తెగులుని తట్టుకునే జన్యువులు మూడు: ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5. మూడూ వరి జాతి మొక్కల్లోంచే వచ్చాయి. చివరి రెండూ మన ఉపఖండపు పాత వరి రకాల్లోవి. ఎక్స్‌ఏ 21 ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలోది. ఆ అడవి వరికి మన దగ్గరి ఎండాకు తెగులుని తట్టుకునే శక్తి ఉందని గుర్తించింది కటక్‌లోని వరి పరిశోధన సంస్థలోనే. ఏ రైతు చేలో మొలిచినా కలుపని పీకి పారేసే మొక్క అది.

మరి ఎలా కలిపారు? మన వ్యవసాయ క్షేత్రాల్లో చాలాకాలంగా జరుగుతున్న సంకరమే. వరి పువ్వు గింజంతే ఉంటుంది. దాని కొస కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తుల్నీ తీసేసి, కంకికి కవరు తొడుగుతారు. తర్వాత పూత విచ్చుకునే వేళ రెండో రకం కంకి తెచ్చి దాని మీద దులుపుతారు. మూడు జన్యువులూ ఉన్న ఒక వరి వంగడాన్ని సాంబ మసూరితో అలా కలిపారు. పుట్టిన మొక్కల్ని మళ్లీ సాంబ మసూరితోనే, అలా నాలుగుసార్లు కలిపారు. కలిపిన ప్రతిసారీ దాత రకం వాటా లెక్క ప్రకారం సగానికి పడిపోతుంది. నాలుగోసారికి సగటున 3 శాతం చిల్లర మిగులుతుంది. మిగతాదంతా సాంబ మసూరే.

ల్యాబ్ పని ఎక్కడుందంటే, మొక్కని ఎంచుకోవడంలో ఉంది. ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి రెండు వైపులా వస్తేనే పూర్తిగా గుణం చూపిస్తాయి. ఒక వైపు నుంచే వస్తే మొక్కలో ఉన్నా పైకి తెలియదు. అందుకని చిన్న ఆకు ముక్క తీసుకుని డీఎన్ఏ పరీక్షతో అవి ఉన్నాయో లేదో చూస్తారు. ఉన్న మొక్కని ఉంచుతారు, లేనిదాన్ని తీసేస్తారు. రక్తపరీక్ష చేయించుకుంటే మనిషి మారిపోడు కదా, ఇదీ అంతే. ఆ పైన చేలో అసలు పరీక్ష ఉంటుంది. బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకు కొసలు కత్తిరిస్తారు, రెండు వారాలాగి ఎండు ఎంత దూరం దిగిందో స్కేలు పెట్టి కొలుస్తారు. ఓర్పు లేని రకంలో అది జానెడు దాకా దిగగలదు. ఓర్పున్న రకంలో కొస దగ్గరే ఆగిపోతుంది.

జన్యుమార్పిడి పంటల్లో, అంటే వేరే జీవి జన్యువు ఎక్కించిన పంటల్లో, మన దేశంలో రైతులు వాణిజ్యపరంగా సాగు చేయడానికి అనుమతి వచ్చింది పత్తికి. అది 2002లో. జన్యుమార్పిడి వరికి అలాంటి అనుమతి లేదు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన జన్యు సవరణ (మొక్క సొంత జన్యువులోనే మార్పు చేయడం) వరి రకాలు వేరే సంగతి. వాటిలో ఒకటి సాంబ మసూరి నుంచే వచ్చింది, పేరు డీఆర్‌ఆర్ ధాన్ 100. అది దిగుబడి కోసం చేసినది, వేరే జీవి జన్యువు అందులోనూ లేదు. దాని పరీక్షల వివరాలు అందరి ముందూ పెట్టాలని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే, నేనూ అడుగుతాను. కానీ ఆ చర్చ తెచ్చి 2008 నాటి విత్తనం మీద రుద్దితే ఎలా?

"మన అసలు సాంబకి తిరిగి వెళ్లండి"

పెదనాన్నకి వచ్చిన మెసేజ్‌లో ఈ వాక్యం కూడా ఉంది. పాత బీపీటీ మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది? జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి అనే మూడు రకాల సంకరం అది. జీఈబీ 24 కోయంబత్తూరులో కోనమణి అనే పాత వరిలోంచి తీసినది. తైచుంగ్ తైవాన్‌ది. మసూరి మలేషియాది. మనం "మన సాంబ" అని ప్రేమగా పిలుచుకునే బియ్యం మూడు దేశాల వరి కలిస్తే పుట్టింది. దాన్ని సొంతం చేసుకున్నాం, బాగుంది. దానికే ఇంకో మూడు జన్యువులు కలిస్తే పరాయిది ఎందుకైపోతుంది?

"విత్తనం మళ్లీ మొలవదు"

మొలుస్తుంది. ఇది హైబ్రిడ్ కాదు, సూటి రకం. పండిన చేలో మంచి భాగం చూసి, కేళీలు (కలిసిపోయిన వేరే రకం మొక్కలు) ఏరేసి, వేరుగా కోసి ఆరబెట్టి దాచుకుంటే మరుసటి ఏడాది అదే రకం వస్తుంది. రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకోనూవచ్చు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ఆ హక్కు ఇచ్చింది.

"దేశవాళీ వేస్తే మందే అక్కర్లేదు"

కొన్ని దేశవాళీ రకాలకి కొన్ని తెగుళ్లని, పురుగుల్ని తట్టుకునే శక్తి నిజంగానే ఉంది. ఈశ్వరకోర అనే మన పాత వరికి ఉల్లికోడు అనే పురుగుని తట్టుకునే గుణం ఉంది. దాన్ని ఎంటీయూ 15 అనే ఇంకో వరి రకంతో కలిపి వరంగల్‌లో డబ్ల్యూ 1263 అనే రకం తయారుచేశారు. వరి శాస్త్రవేత్తలు దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. కానీ ఈశ్వరకోరకి ఉల్లికోడు మీద ఓర్పు ఉంది కదా అని ప్రతి పాత రకానికీ ప్రతి తెగులు మీదా ఓర్పు ఉండదు.

కొత్త రకాలకీ ఇదే వర్తిస్తుంది. మెరుగైన సాంబ మసూరి ఎండాకు తెగులుని తట్టుకుంటుంది, అంతవరకే. అగ్గి తెగులు రావచ్చు, సుడిదోమ రావచ్చు. "ఏ తెగులూ రాదు" అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. ఓర్పు శాశ్వతమూ కాదు. ఉత్తరాంధ్రలో ఉల్లికోడు కొత్త రూపం తెచ్చుకుని డబ్ల్యూ 1263నీ, ఫల్గుణ రకాన్నీ కూడా దాటేసింది. మెరుగైన సాంబ మసూరిలో ఒక్క జన్యువు బదులు మూడు పెట్టింది అందుకే. ఒకదాన్ని దాటడం కంటే మూడింటిని ఒకేసారి దాటడం బాక్టీరియాకి చాలా కష్టం. ఆ మూడూ ఉన్నాయి కదా అని యూరియా ఇష్టమొచ్చినట్టు చల్లితే మాత్రం ఇంకో తెగులుని మనమే పిలిచినట్టు.

మెరుగైన సాంబ మసూరి బియ్యానికి గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) 51 దగ్గర ఉందని, షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చని ఇంకో ఫార్వర్డ్ తిరుగుతోంది. అంకె సరే. "ఎంతైనా" అన్నది తప్పు. రెండు పళ్లేల అన్నం ఏ బియ్యందైనా రెండు పళ్లేలే.

పాత విత్తనాలు కాపాడాలన్న మాట మీద మాత్రం నేను ఆ మెసేజ్ రాసినవాళ్ల పక్షమే. ఈశ్వరకోరని ఎవరో ఒకరు వేస్తూ ఉండబట్టే డబ్ల్యూ 1263 వచ్చింది. కాబట్టి నాలుగు సెంట్లలో పాత వరి పండించే రైతుని, కత్తెర పట్టుకుని ఆకులు కొలిచే శాస్త్రవేత్తని ఒకరికి ఒకరు శత్రువులుగా చూపించొద్దు.

పెదనాన్నా, ఒక పని చేయండి. పల్లంలో ఉన్న అరెకరంలో ఆర్‌పీ బయో 226 వేయండి, పక్క మడిలో మీ బీపీటీనే ఉంచండి. రెండింటికీ ఒకే ఎరువు, ఒకే నీరు. అక్టోబరు వానలయ్యాక నేను వస్తాను. రెండు మళ్లలోంచీ ఆకులు కోసుకుని రెండు గ్లాసులతో అరుగు మీద కూర్చుందాం.