పని ఒకరిది, సంతకం ఇంకొకరిది

కరెంటు షాక్‌తో ఓ కుర్రాడు స్తంభం మీదో, సగం కట్టిన అపార్టుమెంటులోనో ప్రాణం వదిలిన ప్రతిసారీ వినిపించే మొదటి మాట ఒకటే: ‘అతడికి వైర్‌మన్ పర్మిట్ లేదు, మా మనిషి కాదు’. అంతకుముందు రోజు దాకా అతడు అందరి మనిషే. బిల్డరుకు కావాలి, కాంట్రాక్టరుకు కావాలి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయడానికి లైన్‌మన్‌కూ కావాలి. ప్రాణం పోయాకే పర్మిట్ గుర్తొస్తుంది. ఈ నాటకానికి ఎవరు తెర దించుతారు?

నిబంధనలో గందరగోళమేమీ లేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చి 2023లో తిరగరాసిన భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యూజు, స్విచ్చు మార్చడం లాంటివి మినహాయిస్తే వైరింగ్ పనిని లైసెన్సున్న కాంట్రాక్టరే చేపట్టాలి. అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. పర్మిట్ ఉన్నవాడే వైరు ముట్టాలి. మన ఊళ్లలో జరిగేదేమిటి? మేస్త్రీ, ఇద్దరు హెల్పర్లు కలిసి ఇల్లంతా వైరింగ్ చేసేస్తారు. సర్వీసు కనెక్షన్‌కు కాగితం కావలసి వచ్చినప్పుడు, ఆ ఇంటి గడప తొక్కని కాంట్రాక్టరు టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టి డబ్బు పుచ్చుకుంటాడు. 500 వోల్టుల మెగ్గర్ మీటరు పెట్టి వైర్ల ఇన్సులేషన్ చూశారా, ఎర్త్ పిట్ రెసిస్టెన్స్ కొలిచారా అని ఆ సంతకాన్ని అడిగేవాడు లేడు. ఇది బహిరంగ రహస్యం. పని ఒకరిది, సంతకం ఇంకొకరిది.

చదువు లేనివాడి చేతికి కరెంటు పని ఎలా అప్పగిస్తామని అడిగేవారున్నారు. సబబైన ప్రశ్నే. కానీ ఎప్పుడో అప్పగించేశాం కదా! మిగిలింది ఒప్పుకోవడమే.

మేస్త్రీ వెంట తిరిగి నేర్చిన విద్యను తక్కువ చేయనక్కర్లేదు. స్లాబ్ వేసే ముందు ఇనుము మధ్య పైపులు, ఫ్యాన్ బాక్సులు కదలకుండా కట్టడం ఒక పనితనం. జాయింటు సరిగా అతికించకపోతే సిమెంటు పాలు పైపులోకి దిగి గడ్డకడతాయి, తర్వాత వైరు లాగే స్ప్రింగు దూరదు, కొత్త స్లాబునే పగలగొట్టాల్సి వస్తుంది. ఐటీఐ వర్క్‌షాపులో చెక్కబోర్డు మీద వైరింగ్ చేసి రెండేళ్ల కోర్సు ముగించిన కుర్రాడు స్లాబు మీద మొదటి రోజు తడబడేది ఇక్కడే.

మేస్త్రీ దగ్గర దొరకనిది ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు. ఎర్త్ లేని పాత ఇంట్లో సాకెట్టు ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగకు, కలిపేస్తారు. గీజరు పనిచేస్తుంది, దాని బాడీ మీద టెస్టరు వెలగదు, ఇంటాయన సంతోషిస్తాడు. ఎక్కడో న్యూట్రల్ ఊడిన రోజున గీజరు బాడీ అంతా ఫేజే, అంటే కరెంటే. 2.5 ఎంఎం వైరు మీద, లోడు మించితే కరెంటు ఆపే 16 ఆంపియర్ల ఎంసీబీ పదేపదే పడిపోతోందని దాన్ని తీసి 32 వేస్తారు. ఇక ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీలు రెండింటి కింది న్యూట్రళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోతే, వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోయే ఆ పరికరం లోడు వేయగానే ట్రిప్ అవుతుంది. తప్పు ఎక్కడుందో విడదీసి చూసే బదులు ఆర్‌సీసీబీనే బైపాస్ చేస్తారు. చేసేవాడికి తెలివి లేక కాదు. అతడి మేస్త్రీ పని నేర్చుకున్న రోజుల్లో ఇళ్లలో ఆర్‌సీసీబీలు ఎక్కడివి? వారానికొక పూట తరగతి పెడితే తీరే లోటు ఇది. ఆ పూట పెట్టే బాధ్యత ఎవరిదంటే అందరూ చేతులు దులుపుకుంటారు.

1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది కదా అనవచ్చు. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉంటే ఇష్టం. మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లు కలిపితే ముగ్గురు. అంటే పని నిజంగా నేర్పే చోటు చట్టం కంటికి ఆనదు. 2016లో మొదలైన ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయల దాకా కేంద్రం భరిస్తుంది. ఆ మేలూ నమోదైన సంస్థలకే. ఎగ్గొట్టే పెద్ద సంస్థలకు 2014 సవరణతో జైలు భయం పోయింది. మిగిలిన జరిమానా అప్రెంటిస్‌కు ఇవ్వాల్సిన స్టైపెండ్ కన్నా చౌక.

ఇక చేతివృత్తుల వారికి కేంద్రం తెచ్చిన విశ్వకర్మ పథకం. 2023 సెప్టెంబరు 17న గురుశిష్య పరంపరను నిలబెడతామంటూ 18 వృత్తులతో ఆర్భాటంగా మొదలుపెట్టారు. తాళాలు చేసేవారు, పూలదండలు కట్టేవారు, చేపల వలలు అల్లేవారు ఉన్నారు, ఉండాల్సిందే. ఎలక్ట్రీషియన్ లేడు, ప్లంబర్ లేడు. సంప్రదాయ వృత్తులకే పరిమితమట! నేడు మేస్త్రీని నమ్ముకుని బతుకుతున్న వృత్తుల్లో కరెంటు పని ముందు వరుసలో ఉంటుంది. పరంపర గురించి ఉపన్యాసాలు ఒకరికి, 15,000 రూపాయల పనిముట్ల సాయం మరొకరికి.

పాత అనుభవాన్ని గుర్తిస్తామంటూ నైపుణ్య పథకాల కింద ఇచ్చే సర్టిఫికెట్ వైర్‌మన్ పర్మిట్ కాదు. జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్ పడితే పదో తరగతితో పాటు ఐటీఐ గానీ ఇంటర్ ఒకేషనల్ గానీ ఉండాలంటారు. లైన్‌మన్‌కు బదులు పదేళ్లు స్తంభాలెక్కిన ప్రైవేటు హెల్పర్ దరఖాస్తుకే పనికిరాడు. స్తంభానికి మాత్రం పనికొస్తాడు.

అమెరికాలోని టెక్సాస్‌లో పని నేర్చిన ఎలక్ట్రీషియన్‌కిచ్చే జర్నీమన్ లైసెన్సుకు మాస్టర్ ఎలక్ట్రీషియన్ కింద 8,000 గంటల పని చూపించాలి. పనిలో చేరేటప్పుడే అప్రెంటిస్‌గా రాష్ట్రం దగ్గర పేరు నమోదవుతుంది. సౌదీ అరేబియా కూడా మన ఎలక్ట్రీషియన్లకు నైపుణ్య పరీక్ష పెట్టి చూసుకుంటోంది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల కుర్రాళ్ల చేతి పనిని పరాయి దేశం పరీక్షించి గుర్తిస్తుంటే, ఇక్కడ ఆ చేతికి పేరే లేదు. అయిదేళ్లు మేస్త్రీ దగ్గర చేసిన పనికి రేపు సాక్ష్యం ఎవరు చెప్పాలి? సంతకం అమ్ముకునే కాంట్రాక్టరా?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖలు, ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారుల కార్యాలయాలు ఒక పని చేయవచ్చు. టెస్ట్ రిపోర్టులో రెండు గడులు పెంచండి: వైరింగ్ చేసిన వారి పేర్లు, వారు ఎవరి కింద ఎన్నాళ్లుగా చేస్తున్నారన్న వివరం. ఆ నమోదునే అప్రెంటిస్ రికార్డుగా లెక్కించి, దగ్గరి ఐటీఐలో సాయంత్రం తరగతులు పెట్టి, పర్మిట్ పరీక్షకు కూర్చోనివ్వండి. పేరు రాయకుండా సంతకం పెట్టిన కాంట్రాక్టరు లైసెన్సు రద్దు చేయండి. దీనికి వందల కోట్లు అక్కర్లేదు. ఇన్నేళ్లుగా ఆ గడులు ఎందుకు లేవో ఆ శాఖలకు తెలియదనుకోలేం. హెల్పర్ పేరు కాగితం మీదకొస్తే, ప్రమాదం జరిగిన రోజున ‘మా మనిషి కాదు’ అనడానికి వీలుండదు. అసలు అభ్యంతరం అదే అయితే, దాన్ని బయటికి చెప్పే ధైర్యమైనా చేయండి.