రెండో చరణం ఏమైంది?

రాత్రి వంట సర్దుకుంటూనో, ఆఫీసు నుంచి కారులో ఇంటికి వస్తూనో ఎఫ్ఎం పెడితే ఏదో ఒక స్టేషన్లో ఎనభైల నాటి పాట చెవిన పడుతుంది. సంతోషమే. ఆ పదేళ్ళ మీద తెలుగువారి మమకారం ఊరికే పుట్టింది కాదు. 1982 జాతీయ అవార్డుల్లో ఒక్క ‘మేఘసందేశం’కే సంగీతానికి రమేశ్ నాయుడు, గానానికి సుశీల, ఏసుదాసు ఎంపికయ్యారు. మరుసటి ఏడాది ‘సాగరసంగమం’తో ఇళయరాజా, బాలు, ఆపైన ‘సితార’తో జానకి.

అలాంటి పాటను వేస్తున్న తీరే బాధగా ఉంది. పల్లవి, ఒక చరణం అవుతాయి. వయొలిన్లు అందుకుని రెండో చరణం ఎత్తుకోబోతుండగా ట్రాఫిక్ కబురో, చీరల షాపు ఆఫరో అడ్డం పడుతుంది. పెరుగన్నం కలుపుకునే వేళకు విస్తరి లాగేసినట్టు! వేటూరి, సిరివెన్నెల అసలు మాటను చాలాసార్లు ఆ రెండో చరణానికే అట్టిపెట్టేవారు.

పైగా ఎనభైలంటే అవే పాతిక ముప్పై పాటలన్నట్టు తిప్పి తిప్పి వేస్తున్నారు. రాజన్-నాగేంద్ర, సత్యం, రమేశ్ నాయుడు ఎక్కడో గాని వినబడరు.

వివిధ భారతి వినేవారికి గుర్తుండే ఉంటుంది. సినిమా పేరు, రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, ఇవన్నీ చెప్పాకే పాట మొదలయ్యేది. కార్డు మీద ఇంటిల్లిపాది పేర్లూ రాసి పంపి, అనౌన్సర్ తమ ఊరి పేరు చదువుతారేమోనని రేడియో దగ్గరే కూర్చున్న కుటుంబాలెన్నో. అలా విని వినే పల్లెటూరి పిల్లలకు కూడా ఆత్రేయ ఎవరో, చక్రవర్తి ఎవరో తెలిసింది. ఇప్పుడు చాలాసార్లు ‘ఎయిటీస్ హిట్’ అన్న ఒక్క మాటతో సరి.

ప్రకటనలు లేకపోతే ప్రైవేటు స్టేషన్ నడవదని మాకూ తెలుసు. కానీ ఆ పేర్లు చెప్పడానికి పది సెకన్లు చాలు. వేటూరి 2010లో, బాలు 2020లో, సిరివెన్నెల 2021లో వెళ్ళిపోయారు. వారిని చూడని పిల్లలు కూడా ఇప్పుడు కారు వెనక సీట్లో కూర్చుని ఈ పాటలు వింటున్నారు. ఆ పాట ఎవరు రాశారో వాళ్ళకు చెప్పండి. వారానికి ఒక్క గంటయినా, మధ్యలో మాట కలపకుండా, రెండు చరణాలూ పూర్తిగా వినిపించండి.