ముదిరిన బెండకాయలూ నేనూ
బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరాదంటారు కదా, నా విషయంలో ఆ రెండూ ఒకే వారంలో రుజువైపోయాయి.

ఇంటి వెనక కాస్త నేల ఖాళీగా ఉంది, వారానికోసారి దగ్గర్లో రైతుల సంత జరుగుతుంది, మధ్యలో ఎవరూ లేకుండా మనమే పండించి మనమే అమ్ముకుంటే ఎంత మిగులుతుందో అని ఒక రాత్రి నోట్‌బుక్ తీసి లెక్కేశాను. ఇన్ని మొక్కలు, మొక్కకి ఇన్ని కాయలు. నోట్‌బుక్‌లో మాత్రం పంట బ్రహ్మాండంగా పండింది. విత్తనాలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే మొత్తం నేలంతా ఒక్క పూటలో విత్తేసి చేతులు దులుపుకున్నాను. పదిహేను రోజులకి కొంచెం చొప్పున విడతలుగా విత్తుకుంటే కాపు ఒక్కసారే మీద పడదని ఎవరైనా చెప్తే వినేవాణ్ణేమో. ఏమో, వినేవాణ్ణి కాదులెండి.

యాభై రోజులు కాకుండానే కాపు మొదలైంది. బెండపువ్వు చాలా అందంగా ఉంటుంది, లేత పసుపు రేకులు, లోపల ముదురు ఎరుపు మచ్చ, పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది. ఆ అందం చూసి మురిసిపోయే టైమ్ కూడా ఇవ్వదు, నాలుగైదు రోజుల్లో కాయ కోతకొచ్చేస్తుంది. రోజు విడిచి రోజు కోస్తూనే ఉండాలి. ఆకుల మీదా కాయల మీదా నూగు ఉంటుంది కాబట్టి కోసినంతసేపూ కోయడం, ఆ తర్వాత రాత్రంతా గోక్కోవడం.

సరిగ్గా అప్పుడే పిన్నికూతురి పెళ్లి వచ్చింది. రెండు రోజుల్లో వచ్చేస్తానని వెళ్లినవాణ్ణి ఐదు రోజులున్నాను. అక్కడ మా మేనత్త కనపడినవాళ్లందరికీ నన్ను చూపించి, "వీడొక్కడే మిగిలాడు, రోజురోజుకీ ముదిరిపోతున్నాడు" అని చెప్తుంటే నవ్వుతూ నిలబడ్డాను. ఆవిడ అన్న మాట అదే నిమిషంలో నా తోటలో కూడా నిజమవుతోందని నాకేం తెలుసు.

తిరిగొచ్చేసరికి తెల్లారితే సంత. టార్చిలైటు పట్టుకుని తోటలోకి వెళ్తే కాయలన్నీ జానెడేసి పొడుగున, ఆకాశం వైపు తిరిగి, కొమ్ముల్లా నిలబడి ఉన్నాయి. పైగా ముదిరిన కాయలు చెట్టు మీదే ఉండిపోతే మొక్క ఆ విత్తనాల పనిలో పడి కొత్త కాపు తగ్గించేస్తుంది. అంటే ఉన్నవీ పోయాయి, రావాల్సినవీ ఆగిపోయాయి. సరే, సైజు చూసి జనం సంబరపడతారేమోనని మొత్తం కోసేశాను. నిగనిగలాడాలని నీళ్లు కూడా చల్లాను. తెల్లారేసరికి వాటి మీద నల్ల మచ్చలు తేలాయి.

సంతలో మొదట వచ్చినావిడ ఏమీ అడగలేదు. ఒక కాయ తీసి కొస తుంచబోయింది. లేత కాయైతే టక్కున విరగాలి. ఇది వంగింది, ఇంకా వంగింది, చేయి వదలగానే లేచి నిలబడింది. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి వెళ్లిపోయింది. తర్వాత వచ్చినవాళ్లందరిదీ అదే వరస. కొనేవాళ్లు లేరు గానీ వంచేవాళ్లకి లోటు లేదు, పది గంటలకల్లా నా కాయలన్నీ నమస్కారం పెడుతున్నట్టు తలలు వంచేసి ఉన్నాయి.

పక్కన సొరకాయలు అమ్ముకుంటున్న పెద్దాయన చూడలేక, "కొసలు తుంచరాదు అని ఒక అట్టముక్క పెట్టవయ్యా" అన్నాడు. పెట్టాను. అప్పటిదాకా దగ్గరికొచ్చి వంచి చూసి వెళ్లేవాళ్లు, బోర్డు చదివి దూరం నుంచే "ఓహో, ముదిరినవా" అనుకుంటూ వెళ్లిపోవడం మొదలుపెట్టారు. పెద్దాయన ఆ తర్వాత ఇంకే సలహా ఇవ్వలేదు, నా వైపు చూడటం కూడా మానేశాడు.

ఇక సర్దేద్దామనుకుంటుండగా ఒకావిడ వచ్చి, తుంచకుండానే, ఉన్నవాటిలో బాగా లావువి ఏరుకోవడం మొదలుపెట్టింది. మనసాగక "అవి ముదిరినవండీ" అని నేనే చెప్పేశాను. "నాకు ముదిరినవే కావాలండీ, లేతవైతే నలిగిపోతాయి" అంది. బడిలో చిన్నపిల్లలకి బొమ్మలు నేర్పుతుందట. కాయని అడ్డంగా కోసి రంగులో ముంచి కాగితం మీద అద్దితే ఐదు రేకుల పువ్వు పడుతుందట. బుట్టలో సగం తీసుకుని, వచ్చే వారం కూడా ఇలాంటివే తెమ్మని మరీ చెప్పి వెళ్లింది. జీవితంలో నాకొచ్చిన మొదటి ఆర్డర్ అది.

ఇంటికి రాగానే మేనత్త ఫోన్. "ఏరా, బేరం ఎలా సాగింది?"

"ఏం చెప్పను అత్తా, అందరూ వద్దన్నారు. చివరికి ఒక టీచరమ్మ వచ్చి, ముదిరినవే కావాలని అడిగి మరీ తీసుకుంది."

అటువైపు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఆవిడకి పెళ్లయిందేమో కనుక్కున్నావా?"