అడ్డుపడినవారే ఖర్చు భరించాలి

నిరుడు మా ప్రహరీ గోడ తగాదాలో మా సాక్షి జ్వరంతో రాలేకపోతే, నగరంలోని ఒక కోర్టు వాయిదా ఖర్చుల కింద 500 రూపాయలు కట్టమన్నది. మారుమాటాడకుండా కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని సిటీ బస్సులో ఇంటికి వచ్చాను. ఎదుటివారికి ఒక రోజు వృథా అయింది కనుక అది న్యాయమే.

అయితే అవినీతి ఆరోపణలపై దర్యాప్తు మొదలుకాగానే, దానిని కొట్టివేయాలని ఒక పిటిషన్, అది వీగిపోతే స్టే కోరుతూ మరొకటి, ఆపైన అప్పీలు వేసుకుంటూ ఏళ్లకు ఏళ్లు గడిపేసే నాయకుల దగ్గర ఎవరు వసూలు చేస్తున్నారు? హక్కుగా కోర్టుకు వెళ్లడాన్ని నేను తప్పుపట్టను. పస లేదని తెలిసీ కాలయాపనకే వెళ్లడం వేరు. ఆ వాదనలకు బదులిచ్చే ప్రభుత్వ న్యాయవాది ఫీజు మన పన్నుల నుంచే పోతుంది.

1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ, పదవి హోదాలో తీసుకున్న నిర్ణయాలపై దర్యాప్తుకు ముందస్తు అనుమతి కావాలన్నది. అదే సవరణ కోర్టు విచారణను రెండేళ్లలో ముగించేందుకు ప్రయత్నించాలని కూడా అన్నది. మొదటిదానిని కవచంగా పట్టుకున్నవారు రెండవదానిని పట్టించుకోకపోవడం చూస్తే కడుపు రగిలిపోతుంది.

పిటిషన్ నిరాధారమని తేలిన రోజునే న్యాయవాదుల ఫీజులు, దర్యాప్తు అధికారులు నాంపల్లి కోర్టుల చుట్టూ తిరిగిన ఖర్చులు లెక్కగట్టి, పార్టీ నిధి నుంచి కాకుండా ఆ నాయకుడి సొంత ఖాతా నుంచే రాబట్టాలి. ఎన్నికల అఫిడవిట్‌లో కోట్ల ఆస్తి చూపించిన మనిషికి ఆ స్తోమత లేదని ఎవరూ అనలేరు.